ముందుమాట దగ్గర జాగ్రత్త, బుజ్జీ

బుజ్జీ,

పుస్తకం వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంగానే చెప్పింది గాని గొంతులో కాస్త టెన్షన్ వినపడింది. నువ్వు పంపిన కవితలన్నీ రాత్రి కూర్చుని చదివాను. మనింటి పిల్ల ఇలా రాస్తుందని ఎవరితో చెప్పుకోవాలో తెలియక పొద్దున్నే పాలబ్బాయికి చెప్పాను. అంత గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

మామూలు సంగతులు ముందు. ప్రూఫులు నువ్వొక్కదానివే దిద్దకు, మన తప్పు మన కంటికి ఆనదు. 300 కాపీలు మించి వేయించకు, మిగిలినవి మంచం కింద చేరతాయి. అట్ట మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి వీపు మాత్రం వద్దు తల్లీ, దణ్ణం పెడతాను.

ఇక ముందుమాటకి ముగ్గురు పెద్దల్ని అడిగావట. నా భయమంతా అక్కడే.

నాకో స్నేహితురాలు ఉండేది, ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది. ఆడవాళ్లు ఒంటి గురించి రాస్తే ‘నీలి కవిత్వం’ అని వెక్కిరించే రోజులు. మా స్టాఫ్ రూమ్‌లో ఆ పుస్తకం న్యూస్‌పేపర్ అట్ట వేసుకుని చేతులు మారేది. ఆ ఊపులో తనూ ఓ పుస్తకం తెచ్చింది. అందులో ఒక కవితలో కొత్త కోడలు చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక, చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. అంతే కవిత. మొగుడి పేరు లేదు, ఊరు లేదు. ముందుమాట రాసిన పెద్దాయన మంచివాడే, సాయం చేద్దామనే రాశాడు. కానీ ఇవన్నీ ఈ సోదరి కన్నీళ్లంటూ మొదలెట్టి, ఆమె కాపురం ఎలా చెడిందో రెండు పేజీలు నింపాడు. అచ్చుకి ముందు తను చదివింది కూడా. అంత పెద్దాయన్ని ఎలా కాదంటానే, అంది.

ఆవిష్కరణ సభలో అందరూ ఆ రెండు పేజీలే పట్టుకున్నారు. ఒకాయన, అల్లుడిగారి వాదన కూడా వినాలి కదా అని చమత్కరించాడు. జనం నవ్వారు. వేదిక మీద తను తలొంచుకుని కొంగు అంచులో దారం లాగుతూ కూర్చుంది. ఒక్కరూ ఒక్క కవిత చదవలేదు. పుస్తకంలో కాలవ మీద రాసిన కవిత ఒకటుంది, దాంట్లోనూ మొగుణ్ణే వెతికారు! ఆ తర్వాత రాసినవి నాకు చూపించేది గాని, అచ్చుకి మాత్రం ఇవ్వలేదు.

ఈ జబ్బు పాతదే. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని తంజావూరులో ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసి, తనెవరో తన వంశమేదో అందులోనే దర్జాగా చెప్పుకుంది. వీరేశలింగం గారంతటివారు, రాసినామె వేశ్య కదా అన్న మాటతో కలిపే ఆ కావ్యాన్ని ఈసడించారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చు వేయిస్తే తర్వాత ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు గారు 1946లో మద్రాసు ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయ్యాక గాని ఆ నిషేధం పోలేదు. అంతకన్నా పచ్చిగా రాసిన మగకవుల ఇళ్లలోకి ఎవరైనా తొంగిచూశారా?

కొండేపూడి నిర్మల కవిత ‘లేబర్ రూం’ మళ్లీ చదువు. ఏ ఆసుపత్రి, ఎవరి కాన్పు అన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఆ బల్ల మీద నేనే ఉన్నాననిపించింది. ఆ వివరాలన్నీ ముందుమాటలో చెప్పుంటే పరామర్శకి వెళ్లొచ్చినట్టు ఉండేది.

అందుకని ఆ ముగ్గురికీ థాంక్స్ చెప్పి ఊరుకో. మరీ తప్పదంటే, నీ జీవితం గురించి ఒక్క వాక్యమున్నా తీసెయ్యమను. మొహమాటం పడ్డావో, పుస్తకం ఉన్నంతకాలం అది నీతోనే తిరుగుతుంది. నువ్వు మాత్రం ‘నేను’ అని ధైర్యంగా రాయి. ఇది మీ సొంత అనుభవమా అని ఎవరైనా అడిగితే, కవిత ఎలా ఉందో చెప్పండి అను.

ఇప్పుడు తిట్లు. ఆ గాజుల కవిత ఏమిటే? మీ నాన్నకి తెలియకుండా గాజులు తాకట్టు పెట్టి నీ ఫీజు కట్టిన సంగతి అక్క నాకొక్కదానికే చెప్పిందనుకున్నాను. నీ కష్టం నువ్వు రాసుకో, ఎవరడ్డొస్తారు? ఇది మీ అమ్మది. ఆమెకి వినిపించావా? ఫోన్లో వద్దు, ఇంటికెళ్లి పక్కన కూర్చుని చదువు. వద్దంటే తీసెయ్. పుస్తకం మొత్తానికి అదే మంచి కవితని నాకూ తెలుసు. చివర్లో గాజుల్లేని చేత్తో నీకు జడ వేసిన చోట ఏడ్చాను కూడా. అయినా సరే, మా అక్క ముందు, నీ కవిత తర్వాత. దీని మీద నాతో వాదించకు.

ప్రూఫులు కాగితం మీద తీయించి పంపు, ఫోన్లో అక్షరాలు నాకు కనపడి చావవు. సభకి తప్పకుండా వస్తాను. వేదిక మాత్రం ఎక్కించకు. మైకు చేతికొస్తే నీ చిన్నప్పటి కథలన్నీ నేనే మొదలెట్టేస్తాను.

మీ పిన్ని