స్టీవియాతో అరిసెలు వండవచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి మధుమేహం ఉంది. ఆవిడ కాఫీలో పంచదారకు బదులు స్టీవియా పొడి వేస్తున్నాను. సంక్రాంతికి దానితోనే అరిసెలు వండవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కాఫీ, నిమ్మరసం, పెరుగు వంటి వాటికి స్టీవియా చక్కగా సరిపోతుంది. స్టీవియా అనేది ఒక మొక్క ఆకు; దక్షిణ అమెరికాలోని పరాగ్వేలో గ్వరానీ అనే స్థానిక తెగ ప్రజలు ఈ ఆకు తీపిని తరతరాలుగా వాడుతున్నారు. ఆకు నుంచి శుద్ధిచేసి తీసిన పదార్థం పంచదార కంటే 200 నుంచి 300 రెట్లు తియ్యన కనుక, ఏమాత్రం ఎక్కువైనా నాలుక మీద చేదు నిలిచిపోతుంది. మామూలు వంట వేడికి అది చెడదు కాబట్టి పాయసంలో కూడా నిశ్చింతగా కలపవచ్చు.

అరిసెల సంగతి వేరు. తడిపిండిని పట్టి ఉంచేదీ, అరిసెకు ఆ రంగూ మెత్తదనమూ ఇచ్చేదీ బెల్లం పాకమే. స్టీవియాకు పాకం రాదు. ఒకవేళ తీపి కుదిరినా, బియ్యప్పిండి ఆవిడ రక్తంలో చక్కెరను పెంచకుండా ఉండదు, నాకు అసలు ఆందోళన అదే. పండుగ పూట ఆవిడకు పాలు, బాదంపప్పుతో స్టీవియా పాయసం చేసిపెట్టండి.

కొనేటప్పుడు పొట్లం వెనుక తప్పక చదవండి: కొన్నింటిలో పరిమాణం పెంచడానికి చక్కెర, పిండి జాతి పదార్థాలైన డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు, అవి రెండూ రక్తంలో చక్కెరను త్వరగా పెంచేవే.