థైరాయిడ్ మాత్ర చుట్టూ చేరిన సీసాల గురించి

థైరాయిడ్ మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటున్నా నీరసం వదలడం లేదనీ, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, ఒత్తిడి వల్ల కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి ఉంటుందని ఎవరో చెప్పారనీ, అందుకని సెలీనియం, మెగ్నీషియం, అశ్వగంధ, బయోటిన్‌లలో ఏది మొదలుపెట్టాలనీ మీరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. అయితే మా ఇంట్లో నాకూ, మా అక్కకూ థైరాయిడ్ మందగించిన జబ్బే ఉంది కనుక ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాటిలో మొదటిది ఇది: కొత్తది మొదలుపెట్టే ముందు, ఇప్పటికే వాడుతున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, ఏది ఏ వేళకు మింగుతున్నారో పక్కనే వేసుకోండి. మందు వాడుతూ కూడా కోలుకోనివారిలో ఎక్కువమంది బాధకు కారణం మందు చాలకపోవడం కాదు, దాని చుట్టూ చేరిన మాత్రలు ఎక్కువ కావడమేనని నేను నమ్ముతాను.

నా నమ్మకానికి మూలం మా అక్క అనుభవం. ఆమె చాలాకాలంగా లీవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మందు 100 మైక్రోగ్రాముల మాత్ర వాడుతూ నిలకడగానే ఉండేది. జుట్టు రాలుతోందని చర్మవైద్యుడి దగ్గరకు వెళితే ఆయన రోజుకు 10 మిల్లీగ్రాముల బయోటిన్ రాశాడు. పెద్దవాళ్లకు రోజుకు సరిపోతుందని లెక్క వేసినది 30 మైక్రోగ్రాములే కనుక, ఆ మాత్రలో ఉన్నది అవసరానికి మూడు వందల రెట్లకు పైమాట. విటమినే కదా, ఎక్కువైతే ఒంట్లోంచి పోతుందిలే అని అందరమూ ఊరుకున్నాం. ఆ తరువాత చేయించిన రక్తపరీక్షలో, థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు పెరిగి ఎక్కువైనప్పుడు తగ్గే టీఎస్‌హెచ్ బాగా పడిపోయినట్టూ, ఆ థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4 హద్దు దాటినట్టూ వచ్చింది. అప్పటి వైద్యుడు కాగితం చూసి, మాత్ర ఎక్కువైందని మోతాదు 75కు తగ్గించాడు. మరోసారి పరీక్షలోనూ అదే తీరు కనిపించేసరికి 50కి దించాడు. ఎదురుగా కూర్చున్న మనిషి శాలువా కప్పుకొని ఉందనీ, గొంతు బొంగురుపోయిందనీ, కళ్ల కింద ఉబ్బిందనీ ఆయన ఒక్కసారైనా గమనించలేదు. థైరాయిడ్ ఎక్కువైన మనిషికి గుండె దడ, చెమటలు, చేతుల వణుకు ఉండాలి; మా అక్కకు ఉన్నవి చలి, మలబద్ధకం, పట్టపగలు కుర్చీలోనే కునికిపాట్లు. కాగితం ఒకటి చెబుతూ మనిషి మరొకటి చెబుతుంటే మనిషినే నమ్మాలన్నది వైద్యంలో పాత సూత్రమే అయినా, మూడు నిమిషాల్లో ముగించే సంప్రదింపుల్లో దానికి చోటు దొరకడం లేదు.

చివరకు వేరే వైద్యురాలి దగ్గరకు నేను తోడు వెళ్లాను. ఆమె రిపోర్టులు పక్కన పెట్టి, "థైరాయిడ్ మాత్ర కాక ఇంకేమి వాడుతున్నారమ్మా?" అని అడిగింది. "మందులేం లేవండీ, విటమిన్లే" అంది అక్క. "ఆ విటమిన్లే చూపించండి" అని ఆమె చెయ్యి చాపింది. నేను సంచి బల్ల మీద కుమ్మరించాను; ఒక సీసా దొర్లుకుంటూ బల్ల అంచుకు వెళితే ఆమె అరచేత్తో ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టి, లేబుల్‌ను కంటికి దగ్గరగా తెచ్చుకొని సన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. అలా ఒక్కొక్కటీ చదువుతూ మూడింటిని విడిగా తన వైపు నిలబెట్టింది. ఒకటి బయోటిన్, ఒకటి కాల్షియం, మూడోది ఇనుము కలిసిన మల్టీవిటమిన్. "ఇది మీ రిపోర్టును పాడుచేసింది, ఈ రెండూ మీ మందును పాడుచేస్తున్నాయి" అంది.

రిపోర్టు ఎలా పాడవుతుందో ఆమె చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. చాలా ప్రయోగశాలల యంత్రాలు హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌కూ, స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కూ మధ్య ఉండే గట్టి బంధాన్నే వాడుకుంటాయి. మన రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే అది ముందే వెళ్లి ఆ చోటును ఆక్రమించుకుంటుంది. ఫలితంగా టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ, టీ4, టీ3 ఉన్నవాటికంటే ఎక్కువగానూ నమోదవుతాయి. అంటే థైరాయిడ్ మందగించిన మనిషి కాగితం మీద థైరాయిడ్ విజృంభించిన మనిషిగా మారిపోతాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సంగతిపై 2017లోనే హెచ్చరిక జారీ చేసింది. పరీక్షకు ముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతుంది. మోతాదు బాగా ఎక్కువైతే ఇంకొన్ని రోజులు ఆపమంటారు. అక్క దాన్ని పూర్తిగా మానేసి, వ్యవధి ఇచ్చి మళ్లీ రక్తం ఇస్తే టీఎస్‌హెచ్ హద్దుకు చాలా పైన ఉందని తేలింది. మోతాదు తిరిగి 100కు చేరింది. జుట్టు కోసం మొదలైన మాత్ర చివరకు జుట్టు రాల్చే జబ్బునే ముదరబెట్టిందన్నమాట.

ఇక మందును పాడుచేసే సీసాల సంగతి. లీవోథైరాక్సిన్ చిన్నపేగులో రక్తంలోకి చేరాలి; పరగడుపున వేసుకున్నప్పుడే అందులో 60 నుంచి 80 శాతం వరకు లోపలికి వెళుతుంది. కాల్షియం, ఇనుము, అల్యూమినియం లేదా మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు పేగులోనే దాన్ని అంటిపెట్టుకొని బయటకు తోసేస్తాయి. అందుకే వీటికీ, థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. ఉదయం లేవగానే నీళ్లతో మాత్ర వేసుకొని, అల్పాహారానికీ, కాఫీకీ అరగంట నుంచి గంట దాకా ఆగడం మామూలు పద్ధతి. ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్ వంటి మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గించి ఈ మందు కరగడానికే అడ్డుపడతాయి, కాబట్టి అవి వాడేవారికి కొన్నిసార్లు మోతాదు పెంచాల్సి వస్తుంది. ఇవేవీ రహస్యాలు కావు, మందు పెట్టెలోని కాగితంలో అచ్చయి ఉన్నవే. ఆ కాగితాన్ని భూతద్దం లేకుండా చదవలేని అక్షరాల్లో ఎందుకు వేస్తారో మాత్రం నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

దీనికి తోడు తొందరపాటు. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది కనుక, మోతాదు మార్చాక శరీరం కొత్త మట్టానికి కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకూ టీఎస్‌హెచ్ పరీక్షకు అర్థం లేదు. ఆ లోపల వారానికో కొత్త సప్లిమెంట్ చేరిస్తే ఏది మేలు చేసిందో, ఏది చెరిచిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. వీడియోల్లో ఉత్సాహంగా మాట్లాడేవారెవరూ ఈ ఎనిమిది వారాల మాట ఎత్తరు, ఎందుకంటే అంతకాలం ఆగమంటే వారి సీసా అమ్ముడుపోదు.

మీరు అడిగిన వాటిలో సెలీనియం పేరుకు ఆధారం లేకపోలేదు. టీ4ను చురుకైన టీ3గా మార్చే ఎంజైములు పనిచేయడానికి సెలీనియం కావాలన్నది నిజమే. కానీ పెద్దవాళ్లకు కావలసినది రోజుకు 55 మైక్రోగ్రాములే. 400 దాటకూడదని అమెరికా ప్రమాణాలు, అంతకన్నా తక్కువలోనే ఆగాలని ఐరోపా ప్రమాణాలు చెబుతాయి. మోతాదు మించితే జుట్టు రాలడం, గోళ్లు పెళుసుబారడం మొదలవుతాయి. మనవాళ్లు మాత్రం అవే లక్షణాలు చూసి సెలీనియం చాలడం లేదనుకొని ఇంకో మాత్ర మింగుతారు. అయోడిన్ కూడా అంతే. రోజుకు 150 మైక్రోగ్రాములు అవసరం, కానీ ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడిచేసే హషిమోటో జబ్బు ఉన్నవారు సముద్రపు నాచు మాత్రలతో దాన్ని అమాంతం పెంచితే గ్రంథి ఇంకా మందగించే ప్రమాదం ఉంది. ఇనుము మాత్రం లోపం ఉంటే తప్పక సరిచేసుకోవలసినదే, ఎందుకంటే థైరాయిడ్ హార్మోన్‌ను తయారుచేసే ముఖ్యమైన ఎంజైముకు ఇనుము కావాలి. అయితే ఊహ మీద కాదు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించుకొని మొదలుపెట్టాలి. అశ్వగంధ విషయంలో నేను కఠినంగానే ఉంటాను. అది కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది, హార్మోన్ మితిమీరి ఆసుపత్రి పాలైనవారి గురించీ, కాలేయం దెబ్బతిన్నవారి గురించీ వైద్య పత్రికల్లో నివేదికలు ఉన్నాయి. ఒకవైపు కొలిచి ఇచ్చిన మాత్ర వాడుతూ మరోవైపు కొలత లేని పొడి కలుపుకొంటే వైద్యుడు దేన్ని చూసి మోతాదు నిర్ణయించాలి?

కార్టిసాల్ దగ్గరకు వస్తాను. థైరాయిడ్ హార్మోన్ థైరాక్సిన్‌ను (అదే టీ4) 1914 డిసెంబరు 25న స్ఫటికాలుగా వేరుచేసిన ఎడ్వర్డ్ కెండాల్ అనే రసాయన శాస్త్రవేత్తే తరువాత కార్టిసాల్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథుల హార్మోన్లపై కృషికి 1950లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంటే ఈ రెండు గ్రంథులూ ఒకే మనిషి బల్ల మీద పక్కపక్కన నిలిచాయి. వాటి మధ్య సంబంధం ఉన్నమాట కూడా వాస్తవమే. కార్టిసాల్ బాగా పెరిగినప్పుడు టీఎస్‌హెచ్ అణుగుతుంది, టీ4 టీ3గా మారడం తగ్గుతుంది. కానీ ఇది తీవ్రమైన జబ్బుల్లోనూ, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడేవారిలోనూ స్పష్టంగా కనిపించే మార్పు. ఆఫీసు ఒత్తిడికి అడ్రినల్ గ్రంథులు "అలసిపోతాయి" అనే సిద్ధాంతానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ స్పష్టంగా చెప్పింది. పైగా కార్టిసాల్ తెల్లవారి నిద్ర లేచే వేళ అత్యధికంగా ఉండి అర్ధరాత్రికి అడుగంటుతుంది కనుక, వేళాపాళా లేకుండా ఒక్కసారి తీసిన రక్తంతో ఏదీ తేలదు. ఇంకో తమాషా ఏమిటంటే, బయోటిన్ కొన్ని యంత్రాల్లో కార్టిసాల్‌ను కూడా ఎక్కువగా చూపించగలదు. జుట్టు మాత్ర తెచ్చిన తప్పుడు అంకెను చూసి ఒత్తిడి మాత్ర కొనేవారు ఎంతమందో అని నాకు అనుమానం.

అయితే అడ్రినల్ గ్రంథులు నిజంగానే దెబ్బతినే అడిసన్స్ అనే జబ్బు ఒకటుంది, అది థైరాయిడ్ జబ్బుతో కలిసి రావడమూ కద్దు. బరువు తగ్గిపోవడం, రక్తపోటు పడిపోవడం, చర్మం నల్లబడటం, ఉప్పు మీద విపరీతమైన కోరిక వంటివి ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే దాన్ని గుర్తించకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదకు రావచ్చు. సప్లిమెంట్ల గోలలో ఈ అసలు జబ్బు మరుగున పడుతోందన్నది నా ఫిర్యాదు.

నిద్ర గురించి మీరు చివర్లో రాశారు గానీ, నా లెక్కలో అదే ముందు రావాలి. థైరాయిడ్ మందగిస్తే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ ఆప్నియా ఎక్కువగా కనిపిస్తుంది. మోతాదు మించితే గుండె దడతో అసలు కన్నే అంటుకోదు. కాబట్టి నిద్రలేమి ఏ వైపు నుంచి వచ్చిందో తేల్చుకోకుండా నిద్రమాత్ర అడగకండి. నా మటుకు నాకు రాత్రి పడుకోగానే కాళ్లలో చెప్పలేని కదలిక, లేచి నడిస్తే తప్ప తగ్గనిది, చాలాకాలం వేధించింది. థైరాయిడే కారణమని అందరూ అన్నారు గానీ, ఫెర్రిటిన్ తక్కువని తేలి ఇనుము వాడాకే అది నెమ్మదించింది. నిద్రకూ రిపోర్టుకూ కూడా సంబంధం ఉంది. టీఎస్‌హెచ్ రాత్రి పొద్దుపోయాక పెరుగుతుంది, నిద్ర దాన్ని కొంత అణచి ఉంచుతుంది. రాత్రంతా మేలుకొని తెల్లవారుజామున రక్తం ఇస్తే అంకె మామూలు కన్నా ఎక్కువగా రావచ్చు. అందుకే నేను కాస్త నిద్రపోయిన మర్నాడే, ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు, ఆనాటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇస్తాను.

ఉదయం హడావుడిలో పరగడుపు నియమం కుదరకపోతే, రాత్రి భోజనమైన మూడు గంటలకు పైగా ఆగి పడుకోబోయే ముందు థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చు. అది కూడా అంగీకరించిన పద్ధతే, వైద్యుడికి చెప్పి మార్చుకోండి. అలా మార్చుకుంటే మాత్రం నిద్ర కోసం మీరు పడుకునే ముందు వేసుకోవాలనుకుంటున్న మెగ్నీషియాన్ని ఆ వేళకు పెట్టకండి, ఎందుకంటే మందును అంటిపెట్టుకునే వాటిలో అదీ ఒకటి. వాడి తీరాలనుకుంటే మధ్యాహ్నానికి జరపండి, ఆ మార్పు చేసిన తేదీ కూడా మీ కాగితంలో రాసుకోండి.