టారో సందేహాలు: ముందు బొమ్మ, తర్వాతే అంకె, ఆ తర్వాతే గ్రహం

ఈసారి ఉత్తరాలన్నీ ఓరుగల్లు, ఆ పై జిల్లాల నుంచే వచ్చాయి. టారో అంటే జోస్యానికి వాడే 78 బొమ్మల కార్డుల కట్ట: అంకె, పేరు ఉన్న పెద్ద కార్డులు 22, నాలుగు జాతుల చిన్న కార్డులు 56. దాదాపు అందరి చేతిలో ఉన్నదీ 1909లో లండన్‌లో అచ్చయిన రైడర్ వెయిట్ కట్టే. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. జవాబులు ఆ బొమ్మలను బట్టే రాశాం. వేరే కట్ట వాడేవాళ్లు తమ కార్డు పక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి.

ప్రశ్న: మా ఆయన దుబాయిల ఉంటడు. వచ్చే నెలల రెండేండ్ల కాంట్రాక్టు అయిపోతది. వచ్చినంక ఇక్కడ్నే ఏదన్న పెట్టుకుందామా, మళ్ల పంపుదునా అని మూడు కార్డులు తీసిన. ఎయిట్ ఆఫ్ కప్స్, డెత్, సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చినయి. డెత్ చూసినకాడి నుంచి అన్నం సయిస్తలేదు. ఆయనకేమన్న అయితదా? — గృహిణి, జగిత్యాల

ముందు అన్నం తినండమ్మా. ఆ కార్డు ఎవరి ప్రాణం గురించీ చెప్పదు. పేరు పక్కనపెట్టి బొమ్మ చూడండి. కవచం తొడిగిన అస్థిపంజరం తెల్లగుర్రం మీద వస్తోంది, చేతిలో నల్లజెండా, దానిమీద ఐదురేకల తెల్లపువ్వు. కింద రాజు పడి ఉన్నాడు. పసుపు బట్టల మతగురువు ఎదురు నిలిచి వేడుకుంటున్నాడు. మోకరిల్లిన అమ్మాయి ముఖం తిప్పుకుంది, పక్కనున్న చిన్నబిడ్డ మాత్రం తలెత్తి చూస్తోంది. వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు. రాజు పడిపోయాడంటే ఒక హోదా, ఒక ఏర్పాటు ముగిసిందని చదువుతారు. మీ ప్రశ్నలో ముగిసేదేమిటో మీరే రాశారు: రెండేండ్ల కాంట్రాక్టు.

ఎయిట్ ఆఫ్ కప్స్‌లో కింద ఐదు గిన్నెలు, పైన మూడు. పైవరుసలో ఇంకో గిన్నె పట్టేంత ఖాళీ ఉంది. ఎర్రబట్టల మనిషి వీపు చూపించి కొండలవైపు నడుస్తున్నాడు. గిన్నెలు పగల్లేదు, ఒలికిపోలేదు. సంపాదించింది అలాగే ఉంది, ఏదో ఒకటి తక్కువైందని లేచాడు. అయితే ఆయన వదిలేది ఏది? ఇల్లా, గల్ఫా? ఈ కార్డు చెప్పదు. చాలామంది ఇక్కడే తప్పుతారు, తాము భయపడేదాన్నే ఆ ఖాళీలో పెట్టేసుకుంటారు.

మూడోది పడవ. వెనక నిలబడి గడ వేసే మనిషి, ముందు ముసుగు కప్పుకుని వంగి కూర్చున్న ఆడమనిషి, పక్కన బిడ్డ. పడవలో ఆరు కత్తులు గుచ్చి ఉన్నాయి. ఒకవైపు నీళ్లు అలలుగా, మరోవైపు నిమ్మళంగా ఉన్నాయి. కత్తులు పీకితే చిల్లులు పడి పడవ మునుగుతుంది, అందుకే బరువుతోనే దాటాలి అని దీన్ని చదువుతారు. వీసా కోసం తెచ్చిన అప్పు ఇంకా మిగిలి ఉంటే ఆ కత్తులు అవే అనుకోండి. లేకపోతే బలవంతంగా అంటగట్టొద్దు.

ఇక అంకెలు. ఎయిట్‌కు 8, డెత్‌కు దాని అంకె 13, సిక్స్‌కు 6, కలిపితే 27. పెద్ద కార్డులు 22 కాబట్టి మొత్తం 22 దాటితే అంకెలు మళ్లీ కలపాలి: 2+7=9, అంటే 9వ అంకె పెద్ద కార్డు హెర్మిట్. రాజు, రాణి వంటి కోర్టు కార్డులు వస్తే వాటిని ఈ లెక్కలోకి తీసుకోకపోవడమే ఎక్కువమంది వాడుక. హెర్మిట్ మంచుకొండ మీద ఒంటరిగా లాంతరు పట్టుకున్న ముసలాయన. "మళ్లీ ఒంటరిగా ఎడారికే" అని చదివేయకండి. లాంతరు వెలుగు నాలుగడుగుల దూరమే పడుతుంది, కనబడేంతవరకే లెక్క వేసుకోమని దీని భావం. మిగిలిన అప్పు, ఇక్కడ పెట్టబోయే పనికి పెట్టుబడి, నెలకు ఇంటిఖర్చు కాగితం మీద రాసుకోండి. తర్వాత రెండే కార్డులు తీయండి: "ఇక్కడుంటే మేం దేనికి సిద్ధపడాలి", "మళ్లీ పోతే దేనికి సిద్ధపడాలి". తీసేముందు ఫోన్లో ఆయన్నీ అడగండి. పంపాలా వద్దా అన్న ప్రశ్నలో ఆయన మాట ఎక్కడా లేదు మరి.

ప్రశ్న: నాది జ్యేష్ఠ నక్షత్రం, వృశ్చిక రాశి. పుట్టింది జూన్ 10న. టారోలో వృశ్చికానికి డెత్ కార్డు అని చూశాను. అంటే జీవితాంతం నా కార్డు అదేనా? — సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

కాదు. మన పంచాంగంలో "నా రాశి" అంటే చంద్రుడున్న రాశి. ఒక్కో రాశికి ఒక్కో కార్డు చెప్పే టారో పట్టికతో "నా రాశి కార్డు" చూసేవాళ్లు సూర్యుడున్న రాశి తీసుకుంటారు, అదీ సాయన పద్ధతిలో, అంటే రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి రోజు నుంచి రాశులను లెక్కించే పద్ధతిలో. ఆ లెక్కలో మేషం మార్చి 20, 21 తేదీల్లో మొదలవుతుంది. నక్షత్రాలను బట్టి నడిచే మన నిరయన లెక్కలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడానే అయనాంశ అంటారు, ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు.

జూన్ 10న సాయన సూర్యుడు మిథునంలో 19 డిగ్రీల దగ్గర ఉంటాడు. మిథునానికి కార్డు లవర్స్. అదే సూర్యుడు నిరయనంలో వృషభం చివర ఉంటాడు, దానికి హైరోఫాంట్. చంద్రుణ్ని పట్టుకుంటే డెత్. ఒకే మనిషికి మూడు కార్డులు! మూడూ కలిపి గంజి కాస్తే ఏ రుచీ ఉండదు. పట్టిక తయారుచేసినవాళ్లు సాయనం వాడారు కాబట్టి దాన్ని వాడితే సాయన సూర్యుణ్నే తీసుకోండి. జాతకం వేరే పుస్తకం, దాన్ని పక్కన పెట్టండి.

ఇంకొంచెం లోతుకు పోవాలంటే, 2 నుంచి 10 వరకు ఉన్న చిన్న కార్డులు నాలుగు జాతుల్లో కలిపి 36. ఒక్కోదానికి 10 డిగ్రీలు, మొత్తం 360. మిథునం రెండో భాగం, అంటే మీ 19వ డిగ్రీ, నైన్ ఆఫ్ స్వోర్డ్స్‌ది, గ్రహం కుజుడు. పదేసి డిగ్రీల భాగాలనగానే రాశిని మూడు ముక్కలు చేసే మన ద్రేక్కాణాలు గుర్తొస్తాయి గానీ అధిపతులు వేరు. పరాశర పద్ధతిలో మిథునం రెండో ద్రేక్కాణం తులది, అధిపతి శుక్రుడు. పేరు దగ్గరగా ఉందని పట్టికలు మార్చుకుంటే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: నేను పుట్టింది 11-8-1971. జన్మకార్డు ఒక యాప్‌లో సన్, ఇంకో యాప్‌లో వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ వస్తోంది. ఏది నమ్మాలి? — బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ

జన్మకార్డంటే పుట్టిన తేదీ అంకెలు కూడితే వచ్చే పెద్ద కార్డు. రెండు యాప్‌లూ సరిగ్గానే కూడాయి, కూడే దారులే వేరు. మొదటిది 11+8+1971=1990 అని తీసుకుని 1+9+9+0=19, సన్ దగ్గర ఆగింది. రెండోది అంకెలన్నీ విడివిడిగా కలిపింది: 1+1+8+1+9+7+1=28, మళ్లీ 2+8=10, వీల్. చివరికి రెండూ 1 దగ్గరికే, అంటే మెజీషియన్ దగ్గరికే చేరతాయి. తొమ్మిదితో భాగిస్తే శేషం మారదు కాబట్టి ఆఖరి అంకె ఎప్పుడూ కలుస్తుంది, మధ్యలో ఆగే మెట్లే మారతాయి.

మా ఓటు మొదటి పద్ధతికి. పుట్టిన ఏడాది బదులు నడుస్తున్న ఏడాది వేసి సంవత్సర కార్డునూ అలాగే తీస్తారు గనక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మీకు 2026కు 11+8+2026=2045, కలిపితే 11, జస్టిస్. సంవత్సరాన్ని 71 అని కుదించకండి. 11+8+71=90, అంటే 9, హెర్మిట్ వచ్చి కూర్చుంటుంది. మొత్తం సరిగ్గా 22 వస్తే అది ఫూల్, దాని జోడీ 2+2=4, ఎంపరర్.

ఇంకోమాట. మన దగ్గర బడిలో వేసేటప్పుడు సారు రాసిన తేదీ ఒకటి, అసలు పుట్టిన తేదీ ఒకటి ఉన్నవాళ్లు బోలెడుమంది. సర్టిఫికెట్ తేదీతో జన్మకార్డు తీయడం దండగ. అసలు తేదీ ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోతే జన్మకార్డు జోలికే పోవద్దు. కార్డు తీసి చదవడానికి అది అక్కర్లేదు.

ప్రశ్న: 17న పుట్టాను కాబట్టి 8, శని అని చిన్నప్పటి నుంచి భయపెట్టారు. టారోలో 8 స్ట్రెంగ్త్, దానికి సింహరాశి, అంటే సూర్యుడు. తండ్రీకొడుకులకు పడదంటారు కదా, ఏది నిజం? పైగా నా స్నేహితురాలి కట్టలో 8 దగ్గర జస్టిస్ ఉంది. — డిగ్రీ విద్యార్థిని, కాజీపేట

మన సంఖ్యాశాస్త్రం వాడుకలో 1 సూర్యుడు, 2 చంద్రుడు, 3 గురుడు, 4 రాహువు, 5 బుధుడు, 6 శుక్రుడు, 7 కేతువు, 8 శని, 9 కుజుడు. టారోలో గ్రహాల పట్టిక 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య విద్యల బృందం నుంచి వచ్చింది. అందులో 1 మెజీషియన్‌కు బుధుడు, 2 హై ప్రీస్టెస్‌కు చంద్రుడు, 3 ఎంప్రెస్‌కు శుక్రుడు. 4 నుంచి 9 వరకు వరసగా మేషం, వృషభం, మిథునం, కర్కాటకం, సింహం, కన్య. ఈ రాశుల అధిపతులను రాసుకుని మన పట్టిక పక్కన పెట్టండి. తొమ్మిదింటిలో కలిసేది ఒక్క 2 మాత్రమే. రాహుకేతువులకు అక్కడ చోటే లేదు. అందుకని "8 కాబట్టి శని, శని కాబట్టి స్ట్రెంగ్త్ కార్డులో కష్టం" అని గొలుసు కడితే అది తెగిపోతుంది.

స్ట్రెంగ్త్ బొమ్మలో తెల్లబట్టల అమ్మాయి సింహం నోటిని చేతులతో మెల్లగా మూస్తోంది. తలపైన పడుకోబెట్టిన 8 ఆకారం ఉంది. కర్ర లేదు, ఇనుప గొలుసు లేదు. శనిని తలచుకోకుండా ఈ కార్డును ఎంతసేపైనా చదవొచ్చు.

మీ స్నేహితురాలిది మార్సే అనే పాత ఫ్రెంచి కట్ట అయ్యుండాలి. పాత వరసలో 8 జస్టిస్, 11 స్ట్రెంగ్త్. రాశులను వరసగా పేర్చాలంటే 9 దగ్గరున్న కన్యకు ముందు సింహం, తర్వాత తుల రావాలి. సింహం ఉన్న బొమ్మ 11లో, తులాదండం ఉన్న బొమ్మ 8లో ఉండేసరికి గోల్డెన్ డాన్ వాళ్లు వాటిని తారుమారు చేశారు, రైడర్ వెయిట్ కట్ట అదే అనుసరించింది. అసలు ఈ కార్డులు 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆటముక్కలుగా పుట్టాయి. జోస్యానికి వాడటం 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. పెద్ద కార్డుల మట్టుకు బొమ్మ పాతది, గ్రహం తర్వాత తగిలించింది. గ్రహం బొమ్మకు ఎదురు తిరిగితే బొమ్మవైపే నిలబడమని మేం చెప్పేది అందుకే.

ప్రశ్న: పత్తి ఇప్పుడు ఏనుమాముల మార్కెట్‌కు తోలాలా, రేటు పెరిగేదాక ఆపాలా? సెవెన్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. — నర్సంపేట

నాగలి మీద కాదు గానీ పనిముట్టు మీద చేతులు ఆనించి, కాసిన చెట్టును చూస్తూ నిలబడ్డ రైతు బొమ్మ అది. మీకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. కానీ రేటు కార్డులకు తెలియదు. పత్తిలో తేమ ఎంతుంది, ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొంటోందా, ఇంట్లో ఆపుకునే చోటుందా, అప్పు వడ్డీ ఎంత పెరుగుతోంది, ఇవి చూసి తేల్చుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పది కార్డులు వేయించుకున్నం. టవర్ వచ్చింది, ఇంటికి దోషముంది, శాంతికి పదకొండు వేలు పంపమంటున్నరు. — నిజామాబాద్

పంపకండి. టారోలో దోషం, శాంతి అనే పద్ధతే లేదు. ముందు మాట్లాడుకున్న ఫీజు ఒక్కటే ఇవ్వాల్సింది.

భయపెట్టడం ఎంత తేలికో లెక్క చూడండి. కట్టలో 78 కార్డులు. డెత్, టవర్, డెవిల్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్, ఈ ఐదింటిని చూసి అందరూ జడుసుకుంటారు. మూడు కార్డులు తీస్తే వీటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం 18 శాతం. పది తీస్తే 50 శాతం దాటుతుంది. అంటే పది కార్డులు పరిచిన ప్రతి ఇద్దరిలో ఒకరికి దోషం అంటగట్టొచ్చు! టవర్ బొమ్మలో పిడుగు పడి శిఖరం మీది కిరీటం ఎగిరిపోతుంది, ఇద్దరు కింద పడుతున్నారు. అది కూలేది ఏమిటని అడుగుతుంది, ఎవరికి డబ్బు పంపాలో చెప్పదు.

ప్రశ్న: రోజూ మూడు కార్డులు తీస్తాను. నిన్న వచ్చిందే ఇవాళా వస్తోంది. ఏదైనా సంకేతమా? తలకిందులుగా వస్తే అర్థం మార్చాలా? — మంచిర్యాల

నిన్నటి మూడింటిలో ఒకటైనా ఇవాళ రావడం బాగా కలిపిన కట్టలో కూడా 11 శాతం, అంటే తొమ్మిది రోజులకోసారి మామూలే. అంతకన్నా తరచుగా వస్తుంటే కలపడంలో లోపం. పేకముక్కల్లా రెండు భాగాలు చేసి ఒకదాంట్లో ఒకటి దూర్చి కలిపితే 52 ముక్కలకు ఏడుసార్లు చాలంటారు, 78కి ఎనిమిది వేసుకోండి. కానీ ఈ కార్డులు సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు, 12 పొడవు. చేతిలో ఇమడవు, అంచులు చిట్లుతాయి. చేతిలో పట్టుకుని కొద్దికొద్దిగా జారవిడిచే పద్ధతిలో గుంపులు గుంపులుగానే కదులుతాయి, నిన్నటివి పైనే ఉండిపోతాయి. దుప్పటి పరిచి కార్డులన్నీ బోర్లా చల్లి, రెండు చేతులతో ఒక నిమిషం గుండ్రంగా కలిపి పోగుచేయండి. వానాకాలంలో చెమ్మకు రెండేసి అంటుకుంటాయి, చేతులు పొడిగా తుడుచుకుని మొదలుపెట్టండి.

దుప్పటి మీద కలిపితే దాదాపు సగం తలకిందులవుతాయి. తలకిందుల అర్థాలు వాడతారా లేదా అన్నది కార్డు తీయకముందే తేల్చుకోండి, తీశాక నచ్చిన అర్థం కోసం మార్చొద్దు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడకపోవడమే మేలు. 78 నిటారు అర్థాలు చేతికి వచ్చేసరికే ఏడాది పడుతుంది. అప్పటిదాకా పోగుచేశాక ఒక్కో కార్డూ చూసి అన్నీ ఒకేవైపు తిప్పి, మళ్లీ బోర్లా పెట్టి రెండుమూడుసార్లు కోసి తీయండి.