గిటార్ సౌండ్‌ని గరుకుగా మార్చే ఫజ్ పెడల్‌లో బీసీ547 ట్రాన్సిస్టర్ బదులు 2ఎన్3904 పెట్టాక సౌండ్ ఎందుకు పాడైంది?

బైపాస్‌లో, అంటే పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు, గిటార్ బాగానే వినిపిస్తోంది, పెడల్ ఆన్ చేస్తేనే సన్నటి గీకుడు అంటున్నారు కాబట్టి స్విచ్చి, జాక్‌ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నా అనుమానం ట్రాన్సిస్టర్ కాళ్ల మీదే.

రెండూ ఎన్‌పీఎన్ సిలికాన్ రకమే, ఈ పనికి ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చు. కానీ చదునైన వైపు మీకు కనిపించేలా, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. అంటే బోర్డు మీద గీసిన బొమ్మ ప్రకారం పెడితే తిరగబడినట్టే. తమాషా ఏంటంటే, తిరగేసినా ట్రాన్సిస్టర్ పూర్తిగా మూగబోదు, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) బాగా పడిపోయి కుంటుతూ పనిచేస్తుంది. మీకు వినిపిస్తున్న గీకుడు అదే కావచ్చు. తీసి అటుది ఇటు తిప్పండి. ఈసారి సాకెట్ పెట్టుకుంటే మళ్లీ మళ్లీ సోల్డర్ చేసే బాధ ఉండదు.

అయినా కుదరకపోతే మల్టీమీటర్ తీయండి. నల్ల ప్రోబు గ్రౌండ్‌కి పెట్టి, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర చూడండి. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే మామూలు రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్‌లో అక్కడ 4.5 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. దాదాపు 9 ఉంటే ఆ ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారడం లేదు. బేస్, ఎమిటర్ మధ్య 0.6 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. కొంచెమే తేడా ఉంటే కలెక్టర్ రెసిస్టర్ చోట ట్రిమ్‌పాట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) పెట్టి చెవికి నచ్చేదాకా తిప్పండి.

పాత జెర్మేనియం పీఎన్‌పీ సర్క్యూట్ అయితే కథ వేరు. పీఎన్‌పీకి ధ్రువాలు ఎన్‌పీఎన్‌కి వ్యతిరేకం, కాబట్టి అందులో ఈ ఎన్‌పీఎన్‌లు పెట్టాలంటే బ్యాటరీ ధ్రువాలు, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (ప్లస్, మైనస్ చూసి పెట్టాల్సినవి) కూడా తిప్పాలి.