మాట చివర అందేదాకా

అంబాజీపేట

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

చెవిలో వినికిడి పరికరం పెట్టిన ఆపరేషనై నెల దాటింది, కుట్లు మానాయి, అయినా ఆ చెవికి ఏమీ వినిపించడం లేదని రాశావు. ఇప్పుడే వినిపించదు తమ్ముడూ. చర్మం కింద పెట్టింది సగం పరికరమే. గాయం గట్టిపడ్డాక, సాధారణంగా 6 నుంచి 8 వారాలకు, చెవి వెనక అయస్కాంతంతో అంటుకుని శబ్దాన్ని లోపలికి పంపే ప్రాసెసర్ ఇచ్చి అప్పుడు మొదటిసారి స్విచ్ వేస్తారు. నాలుక ఒక పక్క చప్పగా ఉందన్నావు. రుచి నరం ఒకటి నడిచెవి గుండానే వెళ్తుంది. నాకూ కొన్ని నెలలు కాఫీ ఇనుప రుచి వేసి, తర్వాత సర్దుకుంది. కళ్లు తిరిగినా, చీము కారినా, మూతి వంకర పోయినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లు.

ఊళ్లో అందరూ నువ్వు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్నావని అనుకుంటున్నారట. అది నేరుగా నరానికి విద్యుత్ సంకేతం ఇస్తుంది. మన వైబ్రెంట్ సౌండ్‌బ్రిడ్జ్ చేసే పని వేరు, అది ఊపుతుంది. సుత్తి, దాగలి, అంకవన్నె ఆకారాల్లో ఉండే మూడు చెవి ఎముకల్లో దాగలికి ఒక చిన్న కంపన యంత్రాన్ని తగిలిస్తారు. నాకు ఆ ఎముకలను చీము తినేసింది కాబట్టి లోచెవికి ఉండే, గుండ్రటి కిటికీ అని పిలిచే పల్చటి పొరకు ఆనించారు. ఆ యంత్రం బరువు 25 మిల్లీగ్రాములు, ఇంచుమించు ఒక వడ్లగింజంత. 1996లో జూరిచ్‌లో మొదటిసారి ఒక మనిషికి పెట్టారు. అయితే లోపలి నరానికి జరిగిన నష్టాన్ని ఇది పూడ్చదు. మిగిలిన వినికిడికి చేయూతనిస్తుంది, అంతే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మొదటి రోజు కుంగిపోవు.

ఆ రోజు నాకు వినిపించినవి గాజులు, కాగితం, కొళాయి, ఇంటికి రాగానే కొబ్బరి ఆకుల గలగల. గిన్నె పడితే తలలో పడ్డట్టు అనిపించింది. నా గొంతే నాకు ఎవరిదోలా ఉంది. చప్పుళ్లన్నీ వచ్చాయి, మాటలు మాత్రం రాలేదు. పరీక్ష గదిలో వినికిడి చూసే ఆవిడ నోరు కనబడకుండా 25 మాటలు చెబితే 11 పట్టుకున్నాను. పాలు, కాలు, చాలు మూడూ నాకు ఒకటే. అచ్చులు బలంగా ఉంటాయి కాబట్టి ముందే దొరుకుతాయి. క, చ, ట, త, ప, స పలచని శబ్దాలు, వాటిని ఏళ్ల తరబడి వినని మెదడు మళ్లీ నేర్చుకోవాలి. మూడు నెలల తర్వాత అదే పరీక్షలో 19 వచ్చాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. మన భాషలో అవును, కాదు అన్నది వాక్యం తోకలో ఉంటుంది. వస్తాను, రాను, చేశాడు, చేయలేదు, ఈ తేడా అంతా చివరి మాటలోనే. మనుషులు గొంతు తగ్గించేది కూడా సరిగ్గా అక్కడే. కొబ్బరి దింపు తీసే అతను గేటు దగ్గర నిలబడి "ఎల్లుండి రాలేమమ్మా" అంటే నాకు "ఎల్లుండి" ఒక్కటే అందింది. తలూపాను. ఆ ఎల్లుండి రాగానే పొద్దున్నే కాఫీ కాచి మధ్యాహ్నం దాకా వాళ్ల కోసం చూస్తూ కూర్చున్నాను. అందుకని తలూపకు. "ఏమన్నావు?" అని కూడా అడగకు, మొత్తం మళ్లీ అదే స్వరంలో చెబుతారు. నువ్వు విన్నంత వరకు తిరిగి చెప్పి, "ఎల్లుండి వస్తారా, రారా?" అని చివర ఒక్కటే అడుగు. ఇంట్లో వాళ్లకు అరవవద్దని చెప్పు. ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, చివరి మాట మింగకుండా చెబితే చాలు.

రోజూ 15 నిమిషాలు మంచి చెవిలో దూది పెట్టుకుని మరదలిని పేపరు చదవమను. మొదటి వారం నువ్వూ అదే పేపరు చూస్తూ విను. రెండో వారం నుంచి చూడకుండా విను. ఆ తర్వాత రేడియో వార్తలు. రొయ్యల చెరువు మీద ఏరేటర్లు తిరుగుతుంటే, రైసుమిల్లు దగ్గర, పంటు మీద గోదావరి దాటుతుంటే సంభాషణ పెట్టుకోకు. మంచి చెవులున్నవాళ్లకే అక్కడ మాట అందదు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో నేను ప్రభలను కళ్లతోనే చూస్తాను, మాటలన్నీ ఇంటికి వచ్చాకే.

ఫోను చెవి రంధ్రానికి ఆనిస్తే ఈ పరికరానికి ఏమీ అందదు. మైకు ప్రాసెసర్‌లో ఉంటుంది, ఫోను అక్కడికి పెట్టు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. రాత్రి ప్రాసెసర్‌ను తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టు. స్నానానికి, కాలువలో దిగడానికి ముందు తీసెయ్యి. లోపల అయస్కాంతం ఉంది కాబట్టి ఎవరైనా ఎమ్మారై రాస్తే ముందు ఇంప్లాంట్ కార్డు చూపించు.

స్విచ్ వేసిన రోజు సాయంత్రం ఫోను చెయ్యి. నాలుగు వాక్యాలు చెబుతాను. ఊహించి పూర్తి చేయకుండా, నీకు అందినంత వరకే నాకు తిరిగి చెప్పు.

మీ అక్క