టెక్ సందేహాలు: ఖనిజం కనబడింది సరే, తవ్వితే గిట్టుబాటవుతుందా?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే ఆట చుట్టూ తిరిగాయి. పేరు అరోరా 4ఎక్స్. స్టీవ్ వామ్స్‌లీ అనే ప్రోగ్రామర్ ఒంటిచేత్తో రాసి ఉచితంగా ఇస్తున్న అంతరిక్ష వ్యూహ క్రీడ. ఇప్పుడు అందరూ ఆడుతున్న కొత్త రూపం 2020 ఏప్రిల్‌లో వచ్చింది. ఇందులో పేలుళ్లు, మెరుపులు కనిపించవు. నల్లటి తెర మీద చుక్కలు, వలయాలు, వాటి పక్కన పట్టికల మీద పట్టికలు. వెనుక నుంచి చూసేవాళ్లు మీరు ఏదో సొసైటీ లెక్కలు ఆడిట్ చేస్తున్నారనుకుంటారు. అటువంటి ఆటకు మన జిల్లాల్లో ఇంతమంది అభిమానులున్నారని నాకు తెలియదు. తెలిసి సంతోషించాను, ఎందుకంటే నేనూ ఆ జబ్బు మనిషినే.

నాలుగు సర్వే నౌకలు కట్టి ఒకే ఫ్లీటులో (నౌకల బృందంలో) పెట్టాను. ప్రతి గ్రహానికీ నేనే ఆదేశం ఇవ్వాల్సి వస్తోంది. పైగా రెండుసార్లు ఫ్లీటు మొత్తం ఇంధనం అయిపోయి నడిమధ్యలో నిలిచిపోయింది. మార్గం చెప్పండి. (డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి)

ముందు ఆ నాలుగింటినీ విడదీయండి. ఫ్లీటును ఒక్కో నౌకగా విడగొట్టే బొత్తాము ఆటలోనే ఉంది. ఏ గోళంలో ఏ ఖనిజం ఎంత ఉందో కనిపెట్టే జియోలాజికల్ సర్వే సెన్సర్ మొదటి రకం గంటకు ఒక సర్వే పాయింటు ఇస్తుంది. పెద్ద గ్రహానికి చాలా పాయింట్లు కావాలి, చిన్న ఆస్టరాయిడ్‌కు కొన్ని చాలు. నాలుగు నౌకలు కలిసి వెళితే గ్రహం దగ్గర పని నాలుగు రెట్లు త్వరగా అవుతుంది, నిజమే. కానీ సౌర కుటుంబంలో మీ కాలమంతా తినేది గ్రహాలు కావు, ఆస్టరాయిడ్ల గుంపు. అక్కడ సర్వే కన్నా ప్రయాణానికే ఎక్కువ సమయం పడుతుంది. ఒక రాయి కోసం నాలుగు నౌకలు బారులు తీరి వెళ్లడం, ఒక్క ఇంటికి కరెంటు మీటరు చదవడానికి నలుగురు ఉద్యోగులు వెళ్లినట్టే.

విడదీశాక ప్రతి నౌకకూ స్టాండింగ్ ఆర్డర్, అంటే చేతిలో పని లేనప్పుడు తనంతట తానే పాటించే ఆదేశం, ఇవ్వండి. మొదటిదిగా తరువాతి అయిదు గోళాలను సర్వే చేయమనే ఆదేశాన్ని ఎంచుకోండి. అవి పూర్తవగానే నౌక తనంతట తానే మరో అయిదు ఎంచుకుంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మీరు చేత్తో ఇచ్చిన మామూలు ఆదేశాలు మిగిలి ఉన్నంతసేపు స్టాండింగ్ ఆర్డర్ కదలదు. కొత్తగా ఆడేవాళ్లు ఇక్కడే తికమకపడి, ఆట చెడిపోయిందని నాకు రాస్తుంటారు. రెండో స్టాండింగ్ ఆర్డర్‌గా సర్వే మిగిలి ఉన్న వేరే నక్షత్ర వ్యవస్థకు వెళ్లమనే ఆదేశం కూడా పెట్టవచ్చు. మొదటి కొన్నేళ్లు మాత్రం దాని జోలికి వెళ్లకండి. మీరు నిద్రమత్తులో కాలాన్ని ముందుకు జరుపుతుంటే ఆ నౌక నాలుగు వ్యవస్థల అవతలికి పోయి, ఎవరి పెరట్లోనో తేలుతుంది.

ఇక ఇంధనం. దీనికి కండిషనల్ ఆర్డర్ ఉంది: ఇంధనం 30 శాతం కన్నా తగ్గితే స్థావరానికి వెళ్లి నింపుకో అని. ఇది పెట్టకపోవడం వల్లే మీకు రెండుసార్లు దెబ్బ తగిలింది. అయితే ఇది కూడా సగం మందే. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో వేటకు వెళ్లేవాళ్లను అడగండి, ఇంజను పడవలో డీజిల్ పోసేటప్పుడు లెక్కవేసేది వెళ్లే దూరం కాదు, తిరిగి ఒడ్డు చేరే దూరం. నౌక డిజైన్ చేసే కిటికీలో చూపించే రేంజి మొత్తం ప్రయాణానిది. అందులో సగాన్నే మీ నౌక చేరగల దూరంగా భావించండి. ఆస్టరాయిడ్ల మధ్య తిరుగుళ్లు పోతే ఆ సగమూ మిగలదు.

అసలు తప్పు ఇంజను దగ్గర జరిగి ఉంటుందని నా అనుమానం. ఈ ఆటలో ఇంజనుకు పవర్ మల్టిప్లయర్ అని ఒకటుంటుంది. దాన్ని పెంచితే అదే బరువున్న ఇంజను ఎక్కువ శక్తినిస్తుంది, కానీ ఒక్కో యూనిట్ శక్తికి పట్టే ఇంధనం ఆ సంఖ్య 2.5వ ఘాతం చొప్పున పెరుగుతుంది. తగ్గిస్తే అదే వరుసలో తగ్గుతుంది. 1కి బదులు 0.5 పెట్టారనుకోండి. అదే వేగానికి ఇంజను బరువు రెట్టింపు పెట్టాలి, కానీ ఇంధనం సుమారు 18 శాతమే సరిపోతుంది. సర్వే నౌకకు తొందర ఎందుకు? అది యుద్ధానికి వెళ్లడం లేదు. నెమ్మదైన ఇంజను, పెద్ద ట్యాంకు, అంతే.

మరొక మాట. డిప్లాయ్‌మెంట్ కాలాన్ని, అంటే సిబ్బంది స్థావరానికి రాకుండా బయట ఉండగల గడువును, మూడు నెలల దగ్గర వదిలేయకండి. ఆ గడువు దాటితే సిబ్బంది ఉత్సాహం పడిపోతుంది. రెండేళ్లో మూడేళ్లో పెట్టి, మెయింటెనెన్స్ లైఫ్ (మరమ్మతుకు స్థావరానికి రాకుండా నౌక నడిచే కాలం) కూడా దానికి తగ్గట్టు ఉందో లేదో చూడండి. ఇంధనం మూడేళ్లకు, సిబ్బంది ఓపిక మూడు నెలలకు ఉన్న నౌక చివరికి మూడు నెలల నౌకే.

జియో సర్వే, గ్రావిటీ సర్వే సెన్సర్లు రెండూ ఒకే నౌకలో పెట్టవచ్చా? (అదే విద్యార్థి)

పెట్టవచ్చు, నేను పెట్టను. గ్రావిటీ సర్వే ఖనిజాల కోసం కాదు, వేరే నక్షత్రాలకు దారితీసే జంప్ పాయింట్ల కోసం. నక్షత్రం చుట్టూ 30 చోట్ల ఆగి కొలవాలి. అది రాళ్లతో సంబంధం లేని వేరే తిరుగుడు. రెండూ ఎక్కించిన నౌక ఏ పని చేస్తున్నా రెండో సెన్సర్ బరువును ఊరికే మోస్తుంది.

ఒక గ్రహంలో 60 లక్షల టన్నుల డ్యురేనియం అనే ఖనిజం ఉందని సర్వేలో తేలింది. ఎగిరి గంతేసి 20 ఆటోమేటెడ్ గనులు తరలించాను. ఏడాదికి 20 టన్నులే వస్తోంది. ఇదేం అన్యాయం? (ప్రైవేటు ఉద్యోగి, బొబ్బిలి)

అన్యాయం కాదు. మీరు పక్క గడి చూడలేదు. ఖనిజాల పట్టికలో టన్నుల పక్కనే యాక్సెసిబిలిటీ అని ఒక చిన్న సంఖ్య ఉంటుంది, 0.1 నుంచి 1 దాకా. పరిశోధనలేవీ చేయని దశలో ఒక గని ఏడాదికి 10 టన్నులు తవ్వుతుంది. దాన్ని ఈ సంఖ్యతో గుణించాలి. మీ గ్రహానిది 0.1 అయి ఉంటుంది. అంటే గనికి ఒక టన్ను, 20 గనులకు 20 టన్నులు. లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి. ఆ వేగంతో మీ 60 లక్షల టన్నులు తవ్వడానికి మూడు లక్షల ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మీరు దాటేసిన వరుసల్లోకి వెళ్లండి. ఎక్కడో 20 వేల టన్నులు, యాక్సెసిబిలిటీ 1 ఉన్న తోకచుక్క కనిపించవచ్చు. అంకె చిన్నదని దాన్ని వదిలేసి ఉంటారు. అవే 20 గనులు అక్కడ పెడితే ఏడాదికి 200 టన్నులు. ఆ నిల్వ మీ ఆట ముగిసేదాకా చాలు. తోకచుక్కల్లో సాధారణంగా ఒకటి కాదు, చాలా రకాల ఖనిజాలు మంచి యాక్సెసిబిలిటీతో ఉంటాయి. ఒకే గని వాటన్నిటినీ ఒకేసారి తవ్వుతుంది, ఒక్కో రకానికి విడిగా లెక్క. అందుకే నేను వెతికేటప్పుడు ముందు యాక్సెసిబిలిటీ 0.7కు తక్కువ ఉన్నవన్నీ దాచేస్తాను. మిగిలిన జాబితా పొట్టిగా, చదవడానికి వీలుగా ఉంటుంది. టన్నుల సంగతి ఆ తరువాతే చూస్తాను. సర్వే నౌకలు తెచ్చే సమాచారంలో నూటికి తొంభై వంతులు వదిలేయడానికే పనికొస్తుంది. వదిలేయడం చేతకాకపోతే ఎన్ని నౌకలు కట్టినా దండగ.

పైగా ఆటోమేటెడ్ గని ఖరీదు మామూలు గనికి రెట్టింపు. దానికి జనం అక్కర్లేదన్న సౌకర్యానికే ఆ ధర. మామూలు గనులు జనావాసం ఉన్న చోట పెట్టుకుని, ఆటోమేటెడ్ వాటిని రాళ్లకూ తోకచుక్కలకూ దాచుకోండి.

ఏ ఖనిజం వెతకాలి అన్నది మీరు అడగలేదు, కానీ చెప్పక తప్పదు. ఆటలో ఉన్నవి పదకొండు. అందరూ డ్యురేనియం వెంట పడతారు, అది చాలా నిర్మాణాలకు కావాలి కాబట్టి. గొంతు పట్టుకునేవి మాత్రం వేరే: ఇంజన్లకు గ్యాలిసైట్, గనులకు కొరండియం. గనులు కట్టడానికి కొరండియం కావాలి, కొరండియం కోసం గనులు కావాలి. ఈ ముడి బిగుసుకున్నాక విప్పడం కష్టం, ముందే చూసుకోవాలి. ఇంధనం సోరియం నుంచి వస్తుంది. వాయు గ్రహాల్లో సోరియం దొరికితే గనులు అక్కర్లేదు, హార్వెస్టర్ నౌకను కక్ష్యలో నిలిపితే అదే పీల్చి ఇంధనంగా మారుస్తుంది. మీ ఇంటి గ్రహంలో నిల్వలు తరిగేకొద్దీ యాక్సెసిబిలిటీ కూడా పడిపోతుంది కనుక, కొరత ఒక్కరోజులో రాదు, చాప కింద నీరులా వస్తుంది.

తవ్విన సరుకు తెచ్చుకోవడానికి అదే వ్యవస్థలో అయితే మాస్ డ్రైవర్ చాలు. అది ఖనిజాన్ని పొట్లాలు కట్టి విసురుతుంది. ఇటు అందుకునే చోట కూడా ఒక మాస్ డ్రైవర్ ఉండాలి సుమండీ. లేకపోతే ఆ పొట్లాలు నేరుగా వచ్చి మీ జనం నెత్తిన పడతాయి. నా మొదటి ఆటలో నేను అదే చేశాను, సొంత రాజధాని మీద.

గరివిడి దగ్గర మాంగనీసు గనుల్లో పనిచేసి రిటైర్ అయ్యాను. మా మనవడు కంప్యూటర్‌లో డ్యురేనియం, సోరియం అంటున్నాడు. అలాంటి లోహాలు నిజంగా ఉన్నాయా? (గరివిడి)

లేవండి. అవన్నీ కల్పితాలు. కానీ మీ మనవడికి పాఠం చెప్పే అర్హత నాకన్నా మీకే ఎక్కువ ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మీ ప్రాంతంలోనే. కోడూరు గనుల దగ్గరి రాతికి భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మర్ కోడురైట్ అని పేరు పెట్టాడు, ఆ ఊరి పేరు నేటికీ శాస్త్ర గ్రంథాల్లో ఉంది. భూమిలో మాంగనీసు ఉందా అన్నది ఒక ప్రశ్న. ఆ రాతిలో అది ఎంత శాతం, పైన ఎంత మట్టి తీయాలి, నీళ్లు ఎంత తోడాలి, ఏరి వేరు చేయడానికి ఎంతమంది కావాలి అన్నది అసలు ప్రశ్న అని మీకు తెలుసు. ఆటలో ఆ ప్రశ్నలన్నిటినీ కలిపి ఒక్క దశాంశ సంఖ్యగా మార్చి యాక్సెసిబిలిటీ అని పేరు పెట్టారు. ఒకసారి పక్కన కూర్చుని మీ గనిలో ఏది తవ్వి ఏది వదిలేసేవారో చెప్పండి. పై బొబ్బిలి పాఠకుడికి నేను ఇంత పొడుగు జవాబు రాయాల్సిన పని తప్పేది.

లాప్‌టాప్‌లో ఆట కిటికీల కింది బొత్తాలు తెర బయటికి పోతున్నాయి. (రాజాం)

మీ తెర 1366 x 768 అయి ఉంటుంది. ఈ ఆట కిటికీలు కనీసం 1440 x 900 తెరను దృష్టిలో పెట్టుకుని చేసినవి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 125 శాతం ఉంటే 100కు తగ్గించండి, కొంత కలిసొస్తుంది. పూర్తి పరిష్కారం మాత్రం హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లోని టీవీకి కలపడమే. సీరియల్ వేళలు చూసుకుని.

డెస్క్‌టాప్‌లో ఆడుతుంటే కరెంటు పోయింది. మూడు రోజుల ఆట గల్లంతు. (పలాస)

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసిన ఊరికి కరెంటు గురించి నేను చెప్పేదేముంది. ఈ ఆట మొదలవగానే డేటాబేస్ మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకుంటుంది, మీరు సేవ్ నొక్కితేనే తిరిగి డిస్కు మీద రాస్తుంది. మూడు రోజులు నొక్కలేదంటే మూడు రోజులూ గాల్లోనే ఉన్నాయి. పది నిమిషాలు నిలబెట్టే చిన్న యూపీఎస్ కొనుక్కోండి. ఆట సంవత్సరం మారినప్పుడల్లా సేవ్ చేయండి. ఆట మూసేశాక దాని ఫోల్డరులో ఉన్న అరోరా డీబీ అనే ఫైలును తేదీ పేరుతో మరోచోట కాపీ పెట్టుకోండి, మీ సామ్రాజ్యమంతా ఆ ఒక్క ఫైలే. ఆట కొత్త వెర్షన్ దింపుకున్నప్పుడు మాత్రం పాత ఫైలును తెచ్చి అందులో పెట్టకండి. పెద్ద మార్పులున్న వెర్షన్లకు పాత డేటాబేస్ సరిపడదు. పాత ఆటను పాత ఫోల్డరులోనే ముగించుకోవాలి.