షుగర్ మాత్రలతో పాటు ఆకలి తగ్గించే మాత్ర

ప్రశ్న: మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. ఇప్పుడు డాక్టరు గారు సెమాగ్లూటైడ్ 3 మి.గ్రా. మాత్ర కూడా రాశారు. మూడూ పొద్దున్నే ఒకేసారి వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వద్దండీ. సెమాగ్లూటైడ్‌ను పరగడుపున, 120 మి.లీ. మించకుండా మంచినీళ్లతో మింగి అరగంట ఆగండి. ఆలోపు కాఫీ తాగినా మందు ఒంటికి సరిగా పట్టదు. మిగతా రెండూ టిఫిన్‌తో. మెట్‌ఫార్మిన్ కాలేయంలో చక్కెర తయారీని తగ్గిస్తుంది. సెమాగ్లూటైడ్ ఆకలినీ, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్నీ తగ్గిస్తుంది. రెండూ వికారం తెప్పించేవే, కాబట్టి చేపల పులుసు ఎంత ఊరించినా సగం అన్నానికే లేవండి. వాంతులు ఆగకపోతే మెట్‌ఫార్మిన్ ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి. అసలు చిక్కు గ్లిమిపిరైడ్‌తోనే: మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను పిండుతూనే ఉంటుంది, తిండి తగ్గితే షుగర్ మరీ పడిపోవచ్చు. మోతాదు తగ్గించాలేమో అడగండి. అలా పడిపోయి చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు షుగర్ చూసుకోండి.